వరద తీశాక మొదలయ్యే ఆకలి: బంగ్లాదేశ్ సంగతీ, మన డెల్టా సంగతీ

(విజయవాడలో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల నుంచున్నవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇవాళ నేను బంగ్లాదేశ్ గురించి మాట్లాడదామనుకుంటున్నాను. విజయవాడలో కూర్చుని బంగ్లాదేశ్ గొడవ మనకెందుకండీ అని మీకు అనిపించొచ్చు. 2024 సెప్టెంబర్ గుర్తు తెచ్చుకోండి. బుడమేరుకి గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట అన్నీ మునిగిపోయాయి, ఇటు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, 1957లో బ్యారేజీ వచ్చిన దగ్గర్నుంచి అంత నీరు ఎప్పుడూ రాలేదు. మనకి జీవితంలో ఒకసారి అనుకున్నది బంగ్లాదేశ్ వాళ్ళు పుట్టి పెరిగే లోపల నాలుగైదుసార్లు చూస్తారు. అన్నిసార్లు మునిగిన జనం తిండి ఎలా సంపాదించుకుంటున్నారు, ఎక్కడ గెలిచారు, ఎక్కడ ఇప్పటికీ ఓడిపోతున్నారు, అది మనం తెలుసుకోవాలా వద్దా? నేను చెప్పదలుచుకున్నది ఒకటే, వరదలో నీళ్ళు చంపేవాళ్ళ కంటే, వరద తీశాక చేతిలో కూలి డబ్బు లేక పస్తులుండేవాళ్ళు ఎక్కువ. ఆ ఆకలిని ఆపాలంటే చెయ్యాల్సిన పని వరద రాకముందే చెయ్యాలి. మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆ దేశం ఎంతుంటుందో చూద్దాం. మన ఆంధ్రప్రదేశ్ 1.63 లక్షల చదరపు కిలోమీటర్లు, వాళ్ళది 1.48 లక్షలు. అంటే మనకంటే చిన్నది. మనం ఐదు కోట్ల మందిమి, వాళ్ళు 17 కోట్లు! గంగ, బ్రహ్మపుత్ర, మేఘన మూడూ వచ్చి అక్కడే సముద్రంలో కలుస్తాయి. ఆ నదుల పరివాహక ప్రాంతంలో నూటికి 90 వంతుల పైన దేశం బయటే ఉంది, వాన అస్సాంలోనో మేఘాలయలోనో నేపాల్లోనో పడుతుంది, నీళ్ళు మాత్రం వీళ్ళ మీదకొస్తాయి. మామూలు ఏడాదిలోనే దేశంలో ఐదో వంతు మునుగుతుంది. ఆ మాత్రం వరద వాళ్ళకి కావాలి కూడా, ఒండ్రు వస్తుంది, చేపలొస్తాయి, భూమిలో నీరు ఊరుతుంది. 1988లో అది 60 శాతం దాకా పోయింది, 1998లో మూడింట రెండొంతుల దేశం, అదీ రెండు నెలల పైన నీళ్ళలోనే ఉంది.

ఇప్పుడు రెండు వరదలు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి 1974, రెండోది నేనిప్పుడన్న 1998.

1974లో బ్రహ్మపుత్ర పొంగింది. స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్ళు కూడా నిండలేదు ఆ దేశానికి. ఆ ఏడాది కరువొచ్చి జనం రోడ్ల మీద రాలిపోయారు. ప్రభుత్వం చెప్పిన లెక్క 26 వేలు, పరిశోధకులు వేసిన లెక్కలు కొన్ని 10 లక్షలు దాటాయి. ఎందుకు చచ్చిపోయారండీ? బియ్యం లేకనా? అందరూ అలాగే అనుకున్నారు. ఆర్థికవేత్త అమర్త్య సేన్ ఆ లెక్కలు తవ్వి తీశారు, తీస్తే ఏం తేలింది? 1971 నుంచి 1975 దాకా చూస్తే తలసరి తిండిగింజలు అన్నిటికంటే ఎక్కువున్న సంవత్సరం 1974! మళ్ళీ చెప్తాను, గింజలు ఎక్కువున్న ఏడాదే కరువొచ్చింది.

ఎలా వచ్చింది మరి? చేలన్నీ నీళ్ళలో ఉన్నాయి, నాట్లు లేవు, కలుపు లేదు, కూలీకి పని లేదు. డిసెంబర్లో ఇంటికి రావాల్సిన వానాకాలం వరి, ఆమన్ అంటారు వాళ్ళు, ఆ పంట పోతుందని అందరికీ ఆగస్టులోనే అర్థమైపోయింది, దాంతో ఉన్న బియ్యం ధర ముందే ఎగిరిపోయింది. కూలి లేదు, బియ్యం ధర ఆకాశంలో ఉంది. రంగపూర్, మైమెన్‌సింగ్, సిల్హెట్ జిల్లాల్లో భూమి లేని కూలీలు ముందు పోయారు. దానికితోడు క్యూబాకి గోనె సంచులు అమ్మారన్న వంకతో అమెరికా తిండిగింజల సాయం ఆపేసింది, సరిగ్గా ఆ సమయంలోనే. ఒక పక్క పిల్లలు చచ్చిపోతుంటే గోనె సంచుల పంచాయితీ ఏంటండీ?

ఇక 1998. వరద అంతకంటే పెద్దది, ఎక్కువ రోజులుంది. జనాభా కూడా బాగా పెరిగిపోయింది. కానీ కరువు రాలేదు. ఏం మారింది? ఒకటి, బోరు నీళ్ళతో ఎండాకాలం పండే బోరో వరి అప్పటికే బాగా విస్తరించింది, అంటే మన దాళ్వా లాంటిది, ఆమన్ పోయినా నాలుగు నెలల్లో ఇంకో పంట చేతికొస్తుందని రైతుకీ తెలుసు, వ్యాపారికీ తెలుసు, అందుకని దాచిపెట్టే పని పెద్దగా జరగలేదు. రెండు, ప్రైవేటు వ్యాపారుల్ని మన దేశం నుంచే లారీలకి లారీలు బియ్యం తెచ్చుకోనిచ్చారు, ధర ఒక గీత దాటి పోలేదు. మూడు, ప్రభుత్వం పేద కుటుంబాలకి నెలనెలా తిండిగింజలు ఇచ్చింది. అయితే అక్కడితో కథ సుఖాంతం కాదు, అది కూడా చెప్పాలి. జనం అప్పులు చేసి తిన్నారు. పాలు, గుడ్లు, పప్పు మానేసి ఒట్టి అన్నం తిన్నారు, పిల్లల ఎదుగుదల దెబ్బతింది. చావు తప్పింది గానీ ఆ అప్పు మాత్రం చాలా ఇళ్ళల్లో నెలల తరబడి ఉండిపోయింది.

ఇప్పుడు మన సింగ్‌నగర్ కొద్దాం. అక్కడినుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఎవరన్నా ఉన్నారా? చేతులెత్తండి... ఉన్నారు, చాలామంది ఉన్నారు. అమ్మా, మీ ఇంట్లో బియ్యం డబ్బా తడిసిందా? తడిసింది. బియ్యం అయితే తర్వాత ఇచ్చారు, 25 కిలోలు. మరి పనులు మళ్ళీ ఎప్పుడు మొదలయ్యాయి? అదీ నేనడిగేది. టైలరింగ్ మిషన్ బురదలో పోయింది, ఆటో ఇంజిన్లోకి నీళ్ళెళ్ళాయి, ఇళ్ళల్లో పనిచేసే అమ్మలకి ఆ ఇళ్ళే మునిగిపోయాయి. సాయం డబ్బు వచ్చింది, కింద పోర్షన్ మునిగినవాళ్ళకి 25 వేలు, కానీ అది నీళ్ళు తగ్గి లెక్కలు రాసుకున్నాక వచ్చింది. మధ్యలో ఆ మూడు వారాలు ఏం పెట్టుకుని బతకాలి? వడ్డీకి తెచ్చారు. 1974లో రంగపూర్ కూలీకి జరిగిందీ, 2024లో మన పేటల్లో జరిగిందీ సైజులో వేరు గానీ జాతి ఒకటేనండీ.

మాట వచ్చింది కాబట్టి రంగపూర్ ఇంకో సంగతి. అక్కడ ప్రతి ఏడాదీ వరద ఉన్నా లేకపోయినా సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఆకలి కాలం ఉండేది, మొంగా అంటారు వాళ్ళు. నాట్లు అయిపోయాయి, కోతలింకా రాలేదు, మధ్యలో పని లేదు. దానికి బియ్యం పంచితే సరిపోతుందా? కొన్నాళ్ళు పంచారు. తర్వాత వాళ్ళ వరి పరిశోధన సంస్థ బ్రి ధాన్ 33 అని ఒక తక్కువ రోజుల రకం, 118 రోజుల్లో కోతకొచ్చేది, అక్కడ వేయించింది. కోతలు అక్టోబర్లోనే మొదలయ్యాయి. చూడండి ఎంత తెలివైన పనో! అందులో గింజ ఎంత పండింది అన్నది ఒక ఎత్తు, కూలీకి పని నెల ముందు దొరికింది అన్నది ఇంకో ఎత్తు. విత్తనం మార్చి కూలి తెచ్చారు. ఆ తర్వాత అదే పొలంలో బంగాళదుంప వేసుకుంటే ఇంకొంత పని.

స్వర్ణ కథ

విత్తనం అంటే ఇక్కడ గోదావరి జిల్లా వాళ్ళు ఛాతీ విరుచుకుని వినాల్సిన కథ ఒకటుంది. స్వర్ణ వరి తెలుసు కదా అందరికీ, ఎంటీయూ 7029, మన మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైంది. ఆ ఎంటీయూ అంటేనే మార్టేరు. ఒరిస్సా, బెంగాల్, బీహార్, అటు బంగ్లాదేశ్ దాకా పాకిపోయింది ఆ విత్తనం. దిగుబడి బ్రహ్మాండం, కానీ వారం రోజులు పూర్తిగా మునిగితే కుళ్ళిపోతుంది, ఏ వరి అయినా అంతే దాదాపుగా.

ఒరిస్సాలో ఒక పాత దేశవాళీ రకం ఉంది, దాన్నుంచి తీసిన ఎఫ్ఆర్ 13ఏ అనే రకం రెండు వారాలు మునిగినా బతుకుతుంది. కానీ పండేది తక్కువ. దాని గుట్టు సబ్‌1ఏ అనే జన్యువులో ఉందని 2006లో శాస్త్రవేత్తలు తేల్చారు. మామూలు వరి మునగ్గానే కంగారు పడి పైకి ఎదుగుతుంది, నీటి పైకి తల తేలుద్దామని, ఆ ఎదుగుదలలో ఒంట్లో ఉన్న పిండిపదార్థం అంతా ఖర్చు పెట్టేసుకుంటుంది, నీళ్ళు తీశాక నిలబడే ఓపిక ఉండదు, పడిపోతుంది. ఈ జన్యువు ఉన్న మొక్క ఎదగడం ఆపేసి ఊపిరి బిగబట్టుకున్నట్టు ఉండిపోతుంది, నీళ్ళు తీశాక దాచుకున్న బలంతో కొత్త పిలకలు వేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ళు ఆ గుణాన్ని తెచ్చి మన స్వర్ణలో పెట్టారు, స్వర్ణ సబ్‌1 అయింది. 2009లో ఇండియాలో విడుదలైంది, 2010లో బంగ్లాదేశ్‌లో బ్రి ధాన్ 51 అన్న పేరుతో. అంటే ఇవాళ బ్రహ్మపుత్ర ఒడ్డున రైతు వరదకి తట్టుకునే వరి వేస్తున్నాడంటే అందులో సగం మార్టేరుది, సగం ఒరిస్సాది. నాకైతే ఈ సంగతి తలుచుకుంటేనే ఒళ్ళు పులకరిస్తుంది, మనవాళ్ళు ఎంతమందికి తెలుసు ఇది?

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి, లేకపోతే రేపు ఎవరన్నా వేసి నష్టపోయి నన్ను తిడతారు, తిట్టాలి కూడా. సబ్‌1 పనిచేసేది పిలక దశలో, పది పద్నాలుగు రోజుల మునకకి. నెల రోజులు మోకాలి లోతు నీళ్ళు నిలబడిపోతే అది కాపాడదు. పూత మీద మునిగినా కాపాడదు. ఇక కోతకొచ్చిన చేను పడిపోతే దానికీ దీనికీ సంబంధమే లేదు. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, గుర్తుందిగా, కోసి పనల మీద ఉన్న వరి, కుప్పెయ్యడానికి సిద్ధంగా ఉన్న వరి, అంతా నీళ్ళలో తేలింది, కంకి మీదే మొలకొచ్చింది. అక్కడ కావాల్సింది వేరే, పడిపోని గట్టి దుబ్బు, కోతయ్యాక కొన్నాళ్ళు మొలకెత్తకుండా నిద్రపోయే గింజ, డ్రెయిన్లలో పూడిక తీసి ఉండటం. పడిపోయిన చేనుకి లీటరు నీళ్ళకి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద కొట్టమని మన యూనివర్సిటీ వాళ్ళు చెప్తారు, మొలక ఆగుతుంది, చవక మందు, అది మాత్రం రాసుకోండి.

డబ్బు ముందే ఇస్తే?

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చినది చెప్తాను. 2020 జూలై, కోవిడ్ రోజులు. బంగ్లాదేశ్‌లో జమున నది, బ్రహ్మపుత్రకే అక్కడ ఆ పేరు, పొంగబోతోందని ఐదారు రోజుల ముందే అంచనా వచ్చింది. అక్కడ వరద హెచ్చరిక కేంద్రం 1972 నుంచీ ఉంది. అంచనా ఒక స్థాయి దాటితే డబ్బు దానంతటదే విడుదలయ్యేట్టు ఐక్యరాజ్యసమితి వాళ్ళు ముందే రాసి పెట్టుకున్నారు, మీటింగులు, సంతకాలు, ఎన్యూమరేషన్లు ఏమీ లేవు. కురిగ్రామ్ వైపు లంకల్లో ఉండే పేద కుటుంబాల ఫోన్లకి, నీళ్ళు గరిష్ఠానికి రాకముందే, ఇంటికి 4,500 టాకాలు పడ్డాయి. మన ఫోన్‌పే లాంటిది అక్కడ బీకాష్ అని ఉంటుంది, దాన్లో. జనం ఏం చేశారు ఆ డబ్బుతో? బియ్యం, పప్పు కొనుక్కున్నారు, మందులు కొనుక్కున్నారు, పశువులకి మేత కొన్నారు, వాటిని గట్టు మీదకి తోలుకుపోయారు. తర్వాత పరిశోధకులు వెళ్ళి అడిగితే, డబ్బు అందిన ఇళ్ళల్లో రోజంతా పస్తున్నవాళ్ళు తక్కువ అని తేలింది. ఆవుని సగం ధరకి అమ్ముకోకుండా ఆపగలిగితే ఆ ఇంటికి రేపటి పాలు మిగిలినట్టే కదా.

మనకెందుకు కుదరదండీ ఇది? జన్‌ధన్ ఖాతాలున్నాయి, ఆధార్ ఉంది, ఎవరి ఇల్లు ఏ లోతట్టులో ఉందో సచివాలయంలో తెలుసు. కృష్ణలో పైనుంచి వచ్చే వరదకి శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటాలి కాబట్టి మామూలుగా రోజో రెండు రోజులో టైమ్ ఉంటుంది. లంక గ్రామాలకి ఆ టైమ్ చాలు. బుడమేరు వేరు, నిజమే, అది కొండల్లో వాన పడ్డ గంటల్లో వచ్చేస్తుంది, దానికి ఇంకో రకంగా ఆలోచించాలి, డైవర్షన్ ఛానల్ కట్టలు గట్టిగా ఉంచడం దగ్గర్నుంచి.

సరే, వాళ్ళు బాగా చేసినవి చాలా చెప్పాను. 1971లో కోటి టన్నుల బియ్యం పండించిన దేశం ఇప్పుడు మూడున్నర కోట్ల టన్నుల పైన పండిస్తోంది, చిన్న విషయం కాదు. గోపాల్‌గంజ్, పిరోజ్‌పూర్ వైపు గుర్రపు డెక్కని తెప్పల్లాగా పేర్చి దాని మీద కూరగాయలు పండిస్తారు, నీళ్ళు పెరిగితే తోట కూడా పైకి లేస్తుంది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ దాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మన కాలవల్లో ఆ గుర్రపు డెక్క తియ్యడానికి ఏటా ఎంత ఖర్చు పెడుతున్నామో మీకు తెలుసు.

కానీ వాతావరణం మారడంతో ఆ గెలుపులే ఇప్పుడు ప్రమాదంలో పడుతున్నాయి. నేను ఇందాక బోరో కాపాడింది అన్నాను. ఆ బోరోనే ఇప్పుడు దేశం బియ్యంలో సగం పైన. అంటే గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టినట్టు, అంతా ఆ ఒక్క సీజన్ మీదే ఉంది. 2017లో ఏమైంది? ఈశాన్యంలో హావోర్లు అని పెద్ద పల్లపు ప్రాంతాలు, మన కొల్లేరు లాంటివి పదులకొద్దీ ఊహించుకోండి, అక్కడ ఏడాదికి ఒకటే పంట, బోరో. ఏప్రిల్ చివర్లో కోత. ఆ ఏడాది మార్చి చివరికే మేఘాలయ కొండల్లో వాన కుమ్మేసి నీళ్ళొచ్చేశాయి, గింజ ఇంకా గట్టిపడనే లేదు. సునామ్‌గంజ్‌లో చేలకి చేలు పోయాయి. దేశంలో బియ్యం ధర ఎగిరింది, 28 శాతం ఉన్న దిగుమతి సుంకం 2 శాతానికి దించి బియ్యం తెచ్చుకోవాల్సి వచ్చింది. 2021 ఏప్రిల్లో అదే వైపు ఒక సాయంత్రం వేడిగాలి వీచింది, పూత మీద ఉన్న వరి తెల్లారేసరికి తెల్లగా తాలయిపోయింది. పూత సమయంలో 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చిపోతుందండీ, గింజ కట్టదు. మన దాళ్వా రైతులు మార్చి ఎండలకి చూస్తున్నదీ అదే.

దిగుమతి చేసుకుంటాంలే అంటారా? 2007 నవంబర్లో సిద్ర్ తుఫాను వచ్చింది వాళ్ళకి. అదే సమయంలో మన దేశం బియ్యం ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది, ప్రపంచమంతా ధరలు మండిపోయాయి, 2008లో ఢాకాలో చౌక బియ్యం లారీల ముందు మధ్యతరగతి వాళ్ళు కూడా క్యూ కట్టారు. 2023 జూలైలో మళ్ళీ మనం తెల్లబియ్యం ఎగుమతి ఆపేశాం. మన ధరల భయం మనది, కాదనను. కాకినాడలో ఓడకెక్కే బస్తా ఆగిపోతే ఎక్కడో ఒక కూలి ఇంట్లో పొయ్యి మీద దాని దెబ్బ పడుతుందని మాత్రం మర్చిపోకూడదు.

ఇక ఉప్పు. ఇది మన దివిసీమ వాళ్ళు, రేపల్లె, నిజాంపట్నం వాళ్ళు వినాలి. 1960ల్లో బంగ్లాదేశ్ తీరంలో కట్టలు కట్టారు, ఒక్కో కట్ట చుట్టూ ఒక్కో దీవిలాగా, అలాంటివి 139. సముద్రపు నీరు ఆగింది, వరి పండింది, బాగుంది అనుకున్నారు. కానీ ఒండ్రు కూడా లోపలికి రావడం ఆగిపోయింది. లోపల నేల కుంగింది, బయట వాగులు పూడుకుపోయాయి, వాన నీరు బయటికి పోదు. 2009 మే నెలలో ఐలా తుఫానుకి కట్టలు తెగితే కొన్ని చోట్ల చేలు ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో ఉండిపోయాయి. పైగా రొయ్యల చెరువుల కోసం కట్టలకి తూములు పెట్టి ఉప్పునీరు తెచ్చినవాళ్ళు కొందరు. 1973లో 8.33 లక్షల హెక్టార్లున్న ఉప్పు నేలలు 2009కి 10.5 లక్షలయ్యాయి. ఉప్పుని తట్టుకునే రకాలు తెచ్చారు, బ్రి ధాన్ 47, 67, కొంత మేలు. కానీ తాగే నీళ్ళే ఉప్పయితే ఏ విత్తనం ఏం చేస్తుంది? జెస్సోర్, ఖుల్నా వైపు రైతులు విసిగిపోయి వాళ్ళే కట్ట తెగ్గొట్టి ఆటుపోటు నీళ్ళని ఒక పల్లంలోకి రానిచ్చారు, ఒండ్రు పేరుకుని నేల లేచింది, వాగు లోతు పడింది. తర్వాత ఇంజినీర్లు కూడా అదే పద్ధతిని ఒప్పుకున్నారు.

మన కృష్ణ ఒండ్రు ఎక్కడుందండీ? శ్రీశైలంలో, సాగర్లో ఉంది. ఇక్కడ హంసలదీవి దగ్గర సముద్రం నేలని కొరుకుతోంది. నాగాయలంక, కోడూరు వైపు బోరు వేస్తే ఉప్పునీళ్ళు. ఒక చేనులో వరి, పక్క చేనులో రొయ్యల చెరువు, మధ్యలో గట్టు. ఆ గట్టు ఉప్పుని ఆపుతుందా? నేను చెరువులు వద్దనట్లేదు, దాని మీద బతికే కుటుంబాలు ఎన్నో. ఏ కాలవ మంచినీటిది, ఏ కాలవ ఉప్పునీటిది అని గీత గీసి, ఆ గీతని అందరూ ఒప్పుకుని, దాటినవాణ్ణి ఊరే అడ్డుకోవాలి. ఇప్పుడది జరగట్లేదు, ఆ కోపం నాకుంది.

ఇందాక ఎవరో చీటీ పంపారు, కౌలు రైతు సంగతి చెప్పలేదు అని. మంచి ప్రశ్న, నేను అక్కడికే వస్తున్నాను. డెల్టాలో చేను చేసేది ఎక్కువగా కౌలుదారు. మునిగినప్పుడు పెట్టుబడి పోయేది అతనిది, నష్టపరిహారం పడేది మాత్రం చాలాసార్లు పొలం యజమాని ఖాతాలో. ముందే డబ్బు పంపాలి అని నేను ఇంతసేపు చెప్పానే, ఎవరి పేరు మీద పంపుతారు? పేరే రాసి లేకపోతే ఆ పద్ధతి తెచ్చినా ఉపయోగం లేదు. కౌలు కార్డుకి యజమాని సంతకం కావాలి, ఆయన భూమి పోతుందని భయపడి పెట్టడు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలో స్పష్టంగా ఉంది, అది 11 నెలల ఒప్పందం, దాంతో భూమి మీద కౌలుదారుకి ఏ హక్కూ రాదు. ఈ హాల్లో పొలాలున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, మీ పొలం చేసేవాళ్ళకి జూన్ లోపల ఆ సంతకం పెట్టండి, ఈ-క్రాప్, అంటే ప్రభుత్వం పంటల నమోదు, రాసేటప్పుడు అతని పేరు పడిందో లేదో మీరే వెళ్ళి చూడండి.

ఇంకెవరన్నా అడుగుతారా? అక్కడ ఆ అమ్మాయి చెయ్యెత్తింది, మైకు అటివ్వండి.